ఆటగాడితో పాటు పెరిగే లోకం: 'ఆబ్లివియన్' గుణదోషాలు

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రానికి చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోస్ 2006 మార్చి 20న విడుదల చేసిన 'ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్' అనే వీడియో గేమ్, వెలువడిన నాటి నుంచి నేటి వరకు మెప్పునూ విసుగునూ ఒకే నోట పలికిస్తున్న ఆట. దాన్ని వందల గంటలు ఆడినవారే దాని లోపాలను అందరికంటే వివరంగా ఏకరువు పెడతారు. పెట్టిన తరువాత మళ్లీ కొత్త పాత్రతో మొదటి నుంచి ఆడతారు. ఈ వైరుధ్యానికి కారణమేమిటో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం. శ్రోతలు గుర్తుంచుకోవలసిన మాట ముందుగానే చెప్పడం మంచిది. ఈ ఆటలోని పెద్ద లోపమూ, పెద్ద సుఖమూ రెండూ ఒకే నిర్ణయం నుంచి పుట్టాయి. ఆ నిర్ణయమేమిటో తెలిస్తే, ఆటను దేనికోసం ఆడాలో, దేనికోసం ఆడకూడదో కూడా తెలుస్తుంది.

వీడియో గేమ్‌లతో అంతగా పరిచయం లేని శ్రోతల కోసం రెండు మూడు పదాలను వివరించాలి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే, ఆడేవారు తమకంటూ ఒక పాత్రను తయారు చేసుకుని, దాని జాతినీ, ముఖాన్నీ, నేర్పులనూ తామే నిర్ణయించి, కథ సాగిన కొద్దీ ఆ పాత్రను పెంచి పెద్ద చేసే ఆట. ఓపెన్ వరల్డ్ అంటే, ఒక ఘట్టం ముగిస్తేనే మరో ఘట్టం తలుపు తెరుచుకునే పద్ధతి కాకుండా, ఒక ప్రాంతమంతటినీ మొదటి గంట నుంచే ఆడేవారి ముందు పరిచి, ఎటైనా వెళ్లనిచ్చే పద్ధతి. దూరాన కొండ కనిపిస్తే కొండ ఎక్కవచ్చు, గుహ కనిపిస్తే గుహలోకి దూరవచ్చు, కథను మధ్యలో వదిలేసి నెలల తరబడి చెరువు గట్ల మీద తిరగవచ్చు. క్వెస్ట్ అంటే ఆటలోని మనుషులు అప్పగించే పని. ఈ పదాలు ప్రసంగం పొడవునా మళ్లీ మళ్లీ వస్తాయి.

ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో 1994లో 'అరీనా', 1996లో 'డాగర్‌ఫాల్', 2002లో 'మారోవిండ్' వచ్చాయి, నాలుగవది ఆబ్లివియన్, దాని తరువాత 2011లో 'స్కైరిమ్' వచ్చింది. వీటన్నిటికీ రంగస్థలం టామ్రియల్ అనే కల్పిత ఖండం. ఆబ్లివియన్ కథ ఆ ఖండం నడిమధ్యనున్న సిరోడీల్ అనే ప్రాంతంలో నడుస్తుంది. సిరోడీల్ మధ్యలో ఒక పెద్ద సరస్సు, సరస్సు నడుమ దీవి మీద రాజధాని, రాజధాని నడుమ ఎక్కడెక్కడి నుంచో కనిపించే తెల్లని గోపురం ఉన్నాయి. ఉత్తరాన బ్రూమా నగరం చుట్టూ మంచు కొండలు, పడమట ఆన్విల్ రేవు, దక్షిణాన లెయావిన్ వైపు చిత్తడి నేలలు, తక్కినదంతా అడవీ పచ్చికబయళ్లూ. వైశాల్యం సుమారు 16 చదరపు మైళ్లని తయారీదారులు ప్రకటించారు. నిజమైన భూగోళంలో అది ఒక మండలానికి మించదు గాని, కాలినడకన తిరిగేవారికి అది రాజ్యమంత ఉంటుంది.

ఆట చెరసాలలో మొదలవుతుంది. ఆడేవారి పాత్ర ఖైదీ. చేసిన నేరమేమిటో ఆట ఎక్కడా చెప్పదు. హంతకుల నుంచి తప్పించుకుంటున్న వృద్ధ చక్రవర్తి యూరియల్ సెప్టిమ్, అంగరక్షకులతో కలిసి, సరిగ్గా ఆ ఖైదీ గదిలోని రహస్య మార్గం గుండా పారిపోవలసి వస్తుంది. ఆ మార్గం చివర అతడు హత్యకు గురవుతాడు. చనిపోయే ముందు తన రాజహారాన్ని ఖైదీ చేతిలో పెట్టి, లోకానికి తెలియకుండా పెరిగిన తన కుమారుణ్ణి వెతికించే బాధ్యతను అప్పగిస్తాడు. చక్రవర్తికి గొంతు ఇచ్చినది బ్రిటిష్ నటుడు పాట్రిక్ స్టీవర్ట్. కుమారుడు మార్టిన్‌కు గొంతు ఇచ్చినది షాన్ బీన్. ఇంత బరువైన బాధ్యతతో ఖైదీ మురుగు సొరంగం దాటి వెలుతురులోకి వస్తాడు. ఎదురుగా సరస్సు, అవతలి ఒడ్డున పాతబడిన తెల్లరాతి శిథిలాలు, వాటి వెనుక అడవి. రాజహారాన్ని చేర్చవలసిన చోటు ఒక దిక్కున ఉంటే, మనసు లాగే శిథిలాలు మరో దిక్కున ఉంటాయి. ఎటు వెళ్లినా ఆట అడ్డు చెప్పదు.

ఆ 'అడ్డు చెప్పకపోవడం' దగ్గరే తయారీదారులకు చిక్కు వచ్చింది. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో పాత్ర ఎంత ఎదిగిందో తెలిపే అంకెను లెవెల్ అంటారు. మొదటి లెవెల్‌లో ఉన్న పాత్ర ఎలుకతో పోరాడటానికే ఆపసోపాలు పడుతుంది. ఇరవయ్యో లెవెల్ పాత్ర రాక్షసులను కూడా ఎదుర్కొంటుంది. వరుస క్రమంలో నడిచే ఆటలో తేలిక శత్రువులను ముందు, బలమైన శత్రువులను వెనుక పెడితే సరిపోతుంది. కాని ఎవరు ఎటు పోతారో తెలియని లోకంలో ఏది ముందు, ఏది వెనుక? బలమైన శత్రువులున్న కొండ వైపు మొదటి గంటలోనే నడిచినవారు చచ్చి తిరిగి వస్తారు. తేలిక శత్రువులున్న గుహకు ఆలస్యంగా వెళ్లినవారు ఆవులిస్తారు. మారోవిండ్‌లో ఈ సమస్యకు చాలామటుకు పాత సమాధానమే ఉండేది: ప్రమాదకరమైన చోటు ఎప్పుడూ ప్రమాదకరమే, అక్కడికి తయారై వెళ్లడం ఆడేవారి బాధ్యత. ఆబ్లివియన్ తయారీదారులు మరో దారి పట్టారు. లోకమంతటినీ ఆడేవారి లెవెల్‌కు ముడివేశారు. పాత్ర లెవెల్ పెరిగితే శత్రువుల బలం పెరుగుతుంది, వారి ఆయుధాలు మారతాయి, అడవిలో తిరిగే జంతువుల జాతి కూడా మారుతుంది. ఈ పద్ధతికి లెవెల్ స్కేలింగ్ అని పేరు. ప్రసంగం మొదట్లో చెప్పిన 'ఒకే నిర్ణయం' ఇదే.

దీని ఫలితమేమిటో ఇంటి గోడ మీది గీతలతో అర్థం చేసుకోవచ్చు. చాలా ఇళ్లలో పిల్లవాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి, తల దగ్గర పెన్సిల్‌తో గీత గీస్తారు. ఆరు నెలల తరువాత మళ్లీ నిలబెడితే కొత్త గీత పాత గీతకు పైన పడుతుంది, పిల్లవాడి ముఖం వెలిగిపోతుంది. ఆ సంతోషానికి ఆధారం గోడ కదలకుండా ఉండటం. గోడ కూడా పిల్లవాడితో సమానంగా సాగుతూ పోతే, పాత గీత ఎప్పుడూ తల దగ్గరే ఉంటుంది. పిల్లవాడు నిజంగా పెరిగినా, పెరిగినట్టు ఎవరికీ తెలియదు, వాడికి అసలే తెలియదు. ఆబ్లివియన్‌లో లోకం సాగే గోడ. పాత్ర పెరుగుతుంది, కాని పెరుగుదలను కొలిచి చూపే స్థిరమైన వస్తువు చుట్టుపక్కల మిగలదు.

ఆటలో ఇది వింత వింత రూపాల్లో బయటపడుతుంది. మొదటి రోజుల్లో దారి కాచి కొట్టే దొంగలు తోలు చొక్కాలు, తుప్పు కత్తులతో కనిపిస్తారు. పాత్ర లెవెల్ బాగా పెరిగాక అదే దారిలో, అదే మలుపులో, అటువంటి దొంగలే ఎంతో ఖరీదైన గాజు కవచాలు తొడుక్కుని నిలబడి, బాటసారి దగ్గరున్న చిల్లర నాణేల కోసం ప్రాణాలకు తెగిస్తారు. ఆ కవచంలో ఒక్కటి అమ్ముకున్నా ఊళ్లో ఇల్లు కొనుక్కుని హాయిగా బతకవచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. తోడేళ్లు తిరిగిన అడవిలో పోను పోను ఎలుగుబంట్లు, ఎద్దుతల రాక్షసులు తిరుగుతారు. క్వెస్ట్ పూర్తి చేసినందుకు దొరికే పేరున్న కత్తుల బలం కూడా చాలా సందర్భాల్లో వాటిని అందుకున్న రోజు లెవెల్‌ను బట్టి నిర్ణయమైపోతుంది. తొందరపడి ముందే తెచ్చుకున్న ఘనమైన కత్తి కొన్నాళ్లకే మూలన పడుతుంది. కష్టపడి సంపాదించిన వస్తువును కాలమే పనికిరానిదిగా చేయడం, వస్తువుల వేట మీద ఆధారపడిన ఆటలో చిన్న తప్పు కాదు.

లెవెల్ పెరిగే లెక్క ఈ తప్పును మరింత పెంచింది. ఈ లెక్క కొంచెం చిక్కుగా ఉంటుంది గనుక నెమ్మదిగా చెప్పుకోవాలి. ఆటలో కత్తి తిప్పడం, బాణం వేయడం, మంత్రం చదవడం, బేరం చేయడం, దూకడం వంటి నేర్పులు మొత్తం 21 ఉన్నాయి. ఏ నేర్పును వాడితే ఆ నేర్పు పెరుగుతుంది. దూకుతూ పోతే దూకడం వస్తుంది. ఇంతవరకు ఇది ఎంతో సహజమైన, మెచ్చుకోదగిన పద్ధతి. ఆ 21లో ఏడింటిని ప్రధానమైనవిగా ఎంచుకోవాలి. ఆ ఏడింటిలో అన్నీ కలిపి పది మెట్లు పెరిగాక, పాత్ర పడుకుని నిద్ర లేస్తే ఒక లెవెల్ పెరుగుతుంది. అప్పుడు బలం, తెలివి, చురుకు వంటి ఎనిమిది గుణాలలో మూడింటిని పెంచుకోవచ్చు. ఒక్కో గుణం ఒకటే పెరుగుతుందా, ఐదు పెరుగుతుందా అన్నది, ఆ గుణానికి చెందిన నేర్పులను ఆ మధ్యకాలంలో ఎంత సాధన చేశారన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఇప్పుడు మాటకారితనాన్నీ, బేరసారాలనూ, దూకడాన్నీ ప్రధాన నేర్పులుగా ఎంచుకున్న ఒక పాత్రను శ్రోతలు ఊహించవచ్చు. ఆ పాత్ర అంగళ్లలో బేరాలాడుతూ, దారి పొడవునా గెంతుతూ పది లెవెళ్లు పెరుగుతుంది. లోకంలోని శత్రువులందరూ ఆ పది లెవెళ్లకు తగినట్టు బలిసిపోతారు. పాత్ర కత్తి పట్టే చేయి మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఎదిగినందుకు శిక్ష పడటమంటే ఇదే. ఈ రహస్యం తెలిసినవారు తలకిందుల ఉపాయాలు కనిపెట్టారు. తాము ఎప్పుడూ వాడని నేర్పులనే ప్రధాన నేర్పులుగా ఎంచుకుని, లెవెల్ ఎప్పుడు పెరగాలో తమ అదుపులో పెట్టుకున్నవారు కొందరు. పక్కన కాగితం పెట్టుకుని ఏ నేర్పు ఎన్ని మెట్లు పెరిగిందో పద్దు రాసుకున్నవారు ఇంకొందరు. నిద్రపోతేనే లెవెల్ పెరుగుతుంది గనుక వీలైనంతవరకు పడుకోకుండానే రాజ్యాన్ని రక్షించినవారు మరికొందరు. ప్రధాన కథను అతి తక్కువ లెవెల్‌లోనే ముగించడం సాధ్యమే, నిజానికి సులభం కూడా. వీరుణ్ణి తయారు చేసుకొమ్మని పిలిచిన ఆటలో, వీరుడు కాకుండా ఉండటమే మేలైన వ్యూహం కావడం హాస్యాస్పదం.

ఇంతవరకు విన్న శ్రోతలకు, ఇటువంటి ఆటను మెచ్చుకోవడానికి ఏం మిగిలిందన్న సందేహం రావచ్చు. ఇక్కడే అదే నిర్ణయానికి రెండవ ముఖం కనిపిస్తుంది. ఎక్కడికి వెళ్లినా శత్రువు తాళగలిగినవాడే అయి ఉంటాడు గనుక, ఎక్కడికి వెళ్లడానికీ భయం ఉండదు. మొదటి గంటలో ఉత్తరాన మంచు కొండలకు పోవచ్చు. రెండో గంటలో దక్షిణాన చిత్తడిలోకి దిగవచ్చు. 'ఇది ఇంకా నీ చోటు కాదు' అని ఆట ఎవరినీ వెనక్కి పంపదు. తిరగడం మీద ఇష్టమున్నవారికి ఇంతకంటే ఉదారమైన ఏర్పాటు ఉండదు. పెరుగుదలను పాడు చేసిన నియమమే తిరుగుడుకు స్వేచ్ఛనిచ్చింది. శ్రోతలు ఈ మాటను ప్రత్యేకంగా గమనించాలి: లోపం పోరాటాల లెక్కలో ఉంది, సుఖం నడకలో ఉంది.

ఆ నడకకు తగిన లోకాన్ని కూడా తయారీదారులు సిద్ధం చేశారు. చెట్లను ఒక్కొక్కటిగా గీయకుండా కంప్యూటర్ చేత మొలిపించే స్పీడ్‌ట్రీ అనే సాధనంతో అడవులను పెంచారు. 2006లో అంత దట్టమైన, గాలికి ఊగే అడవిని తెరమీద చూడటం చాలామందికి మొదటి అనుభవం. జెరెమీ సోల్ కూర్చిన సంగీతం పోరాటాల్లో కంటే ఒంటరి నడకల్లోనే బాగుంటుంది. సాయంత్రం వెలుగు మారుతుంది, వాన పడుతుంది, దారి పక్క సత్రంలో దీపం వెలుగుతుంది. అయితే ఒక ఫిర్యాదు ఇక్కడ కూడా న్యాయమైనదే. తెర అడుగున ఎప్పుడూ కనిపించే దిక్సూచి, వెళ్లవలసిన చోటును బాణం గుర్తుతో చూపిస్తుంది. పటం మీద పెద్ద నగరాలకు మొదటి నుంచే ఒక్క నొక్కుతో చేరిపోయే వీలు కూడా ఉంది. ఆ రెంటికీ అలవాటు పడినవారు అడవిని చూడరు, బాణాన్నే చూస్తారు. మారోవిండ్‌లో దారి అడిగి తెలుసుకుని, గుర్తులు చూసుకుంటూ నడిచినవారికి ఇది పెద్ద నష్టంగా తోచింది.

ఆబ్లివియన్ అసలు సంపద దాని క్వెస్ట్‌లలో ఉంది. చేడిన్‌హాల్ అనే ఊళ్లో ఒక చిత్రకారుడు కనిపించకుండా పోతాడు; వెతుకుతూ వెళితే అతడు తాను గీసిన చిత్రంలోనే చిక్కుకున్నాడని తేలుతుంది. ఆడేవారు కూడా ఆ బొమ్మలోకి అడుగుపెట్టి, రంగుల గీతలతో అలికినట్టున్న అడవిలో, రంగులతో గీసిన రాక్షసులతో పోరాడాలి. అందుకు ఉపయోగపడే ఆయుధం రంగును కరిగించే టర్పెంటైన్. ఒక పల్లెలో ఊరంతా కంటికి కనిపించదు. సత్రంలోకి వెళితే ఖాళీ కుర్చీల నుంచి మాటలు వినిపిస్తాయి, కారణం సమీపంలోని కోటలో ఒక మంత్రగాడు చేసిన ప్రయోగం. హంతకుల ముఠాలో చేరినవారికి దొరికే ఒక పని మరీ పేరుపొందింది. స్కిన్‌గ్రాడ్‌లోని ఒక భవనంలో అయిదుగురు అతిథులను పెట్టి తాళం వేస్తారు. లోపల ఎక్కడో బంగారం దాచి ఉందని, వెతికి పట్టుకున్నవారిదే అని వారికి చెబుతారు. ఆరవ అతిథిగా వచ్చిన ఆటగాడే వారిని ఒక్కొక్కరిగా చంపవలసినవాడు. ఒకరు చనిపోగానే మిగిలినవారు ఒకరినొకరు అనుమానిస్తారు, హంతకుడితోనే మనసు విప్పి మాట్లాడతారు, భయంతో అతడినే నమ్ముతారు. కత్తి పని కంటే మాటల పనే ఎక్కువ ఉన్న ఇటువంటి ఘట్టాల్లో లెవెల్ లెక్క గుర్తుకు కూడా రాదు.

అదే స్కిన్‌గ్రాడ్‌లో గ్లార్తిర్ అనే వ్యక్తి ఉంటాడు. ఊరంతా తన మీద కుట్ర చేస్తోందని అతడి అనుమానం. అర్ధరాత్రి ఆలయం వెనుకకు రమ్మని పిలిచి, ముగ్గురి మీద నిఘా పెట్టమని డబ్బిస్తాడు. ఆ ముగ్గురినీ రోజంతా వెంబడిస్తే, వారు పొలానికి వెళ్లడం, పని చేసుకోవడం, తినడం, పడుకోవడం తప్ప మరేమీ కనిపించదు. అయినా అతడికి ఏం చెప్పాలన్నది ఆడేవారి ఇష్టం. 'అవును, కుట్ర ఉంది' అని అబద్ధం చెబితే హత్యల వరకు పోతుంది. ఈ కథ నడవడానికి కారణం రేడియంట్ ఏఐ అని తయారీదారులు పేరు పెట్టిన ఏర్పాటు. ఊళ్లోని మనుషులలో చాలామందికి ఒక దినచర్య ఉంటుంది: దుకాణదారుడు ఉదయం తలుపు తీస్తాడు, రాత్రి మూసి ఇంటికి పోతాడు, వారంలో ఒక రోజు గుడికి వెళతాడు. నిఘా పెట్టడానికి నిజంగానే అక్కడ ఒక జీవితం ఉంది.

అయితే ఆ జీవితం అక్కడక్కడ చిట్లుతుంది. వీధిలో ఎదురుపడిన ఇద్దరు మనుషులు ఒకరినొకరు పలకరించుకుని, ఎండ్రకాయల గురించి పొంతన లేని నాలుగు ముక్కలు మాట్లాడుకుని, వీడ్కోలు చెప్పుకుని విడిపోయి, మరుక్షణమే మళ్లీ కలుసుకుని అదే సంభాషణ మొదలుపెడతారు. ప్రతి మాటనూ గొంతుతో పలికించాలని నిర్ణయించడం వల్ల, వందలాది పాత్రలకు గుప్పెడు మంది నటులే గాత్రం ఇవ్వవలసి వచ్చింది. గొణుగుతూ చేయి చాచిన బిచ్చగత్తె, ఊళ్లో విశేషాలేమిటని అడగగానే దొరసానిలా స్పష్టంగా మాట్లాడుతుంది, ఎందుకంటే ఆ వాక్యాన్ని మరో సందర్భానికి, మరో గొంతుతో రికార్డు చేశారు. ఇవి నిస్సందేహంగా లోపాలే. కాని వీటిని చూసి ఎవరూ ఆట మానలేదు. ఏళ్లు గడిచిన కొద్దీ ఈ తడబాట్లే ఆటకు ప్రత్యేకమైన హాస్యాన్ని తెచ్చిపెట్టి, అభిమానులు ఒకరికొకరు అనుకరించి చూపుకునే ఆస్తిగా మారాయి. ఒప్పించడానికి చక్రం తిప్పే చిన్న ఆట, ఉబ్బినట్టున్న ముఖాలు కూడా ఈ కోవలోవే. వాటి గురించి ఇంతకు మించి చెప్పుకోవలసింది లేదు.

నవ్వుకుని వదిలేయలేని లోపం ప్రధాన కథలో ఉంది. నరకం వంటి ఆబ్లివియన్ లోకం నుంచి మంటల ద్వారాలు దేశమంతటా తెరుచుకుంటాయి. మొదటిది క్వాచ్ అనే నగరాన్ని బూడిద చేస్తుంది. ఆ ఎర్రని ఆకాశం కిందికి మొదటిసారి వెళ్లడం ఉత్కంఠగానే ఉంటుంది. కాని ద్వారాలు అనేకం, లోపలి నమూనాలు కొద్దే. అదే లావా, అవే గోపురాలు, పైకెక్కి అదే రాయిని తీసుకుంటే ద్వారం మూసుకుపోవడం. మూడవ ద్వారం దగ్గరికి వచ్చేసరికి లోక రక్షణ ఇంటిపనిలా మారుతుంది. పైగా చక్రవర్తి చనిపోయి, రాజ్యం కూలిపోతున్నదని అందరూ చెబుతున్నా, ఆడేవారు ఏడాది పొడవునా పుట్టగొడుగులు ఏరుకుంటూ తిరిగినా ప్రమాదం ఓపికగా ఎదురుచూస్తుంది. చాలా ఓపెన్ వరల్డ్ ఆటలకు ఉన్న జబ్బే ఇది. ఇక్కడ కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. షాన్ బీన్ మాట్లాడే ఘట్టాలు మాత్రం ఈ భాగాన్ని చాలావరకు కాపాడతాయి; తాను చక్రవర్తి కొడుకునని తెలియక క్వాచ్ గుడిలో పూజారిగా బతికిన మార్టిన్ మెల్లగా బాధ్యతను అంగీకరించడం, ఆటలో ఆటగాడిది కాని ఏకైక నిజమైన ఎదుగుదల.

ఆట బయట జరిగిన ఒక సంగతిని కూడా క్లుప్తంగా ప్రస్తావించాలి. విడుదలైన కొద్ది వారాలకే, 2006 ఏప్రిల్‌లో, గుర్రానికి తొడిగే అలంకార కవచాన్ని రెండున్నర డాలర్లకు విడిగా అమ్మారు. అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు. నేడు అటువంటి అమ్మకాలు ఆటల వ్యాపారానికి ప్రధాన ఆదాయాలలో ఒకటి. 2007లో వచ్చిన 'షివరింగ్ ఐల్స్' అనే అదనపు భాగం మాత్రం పూర్తిగా వేరు. ఉన్మాద దేవుడి రాజ్యాన్ని చూపే ఆ భాగం, మూల కథకు లేని వైచిత్రినంతా తనలో పెట్టుకుంది. మొదటి ఆట నచ్చనివారు కూడా దాన్ని మెచ్చుకున్నారు.

లెవెల్ స్కేలింగ్ లోపాన్ని మొదట సరిదిద్దినవారు ఆడేవారే. కంప్యూటర్‌లో ఆడేవారికి ఆటను మార్చే సాధనాన్ని బెథెస్డా ఉచితంగా ఇచ్చింది. దానితో అభిమానులు చేసిన మార్పులను మాడ్‌లు అంటారు. 'ఆస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్' అనే ప్రసిద్ధమైన మాడ్, ప్రమాదకరమైన చోట్లను మళ్లీ ప్రమాదకరంగా, తేలిక చోట్లను తేలికగా నిలిపింది. గోడను కదలకుండా కట్టింది. తరువాత స్కైరిమ్‌లో తయారీదారులే మధ్యేమార్గం పాటించారు: ఒక్కో చోటుకు కనిష్ఠ, గరిష్ఠ హద్దులు పెట్టి, మొదటిసారి అడుగుపెట్టిన రోజు బలాన్నే ఆ చోటుకు ఖాయం చేశారు. 2025 ఏప్రిల్ 22న, ప్రకటించిన రోజే, వర్చువోస్ అనే సంస్థతో కలిసి బెథెస్డా ఆబ్లివియన్ కొత్త రూపాన్ని విడుదల చేసింది. అందులో దృశ్యాలు కొత్తవి. పరుగెత్తే వీలు వచ్చింది. లెవెల్ లెక్క సులువైంది. ఇప్పుడు ఏ నేర్పు పెరిగినా లెవెల్‌కు లెక్కకు వస్తుంది. ప్రతి లెవెల్‌కూ 12 పాయింట్లు ఇచ్చి గుణాలకు పంచుకోమంటారు. కాగితం మీద పద్దు రాయవలసిన అవసరం తీరింది. కాని గాజు కవచాల దొంగలు పోలేదు. శత్రువులు ఇప్పటికీ ఆటగాడితో పాటే పెరుగుతారు. అంటే తయారీదారులు పద్దును దిద్దారు, నిర్ణయాన్ని దిద్దలేదు. ఆ నిర్ణయం తీసేస్తే ఆ స్వేచ్ఛ కూడా పోతుందని భావించి ఉండవచ్చు.

అందువల్ల ఈ ఆటను కొత్తగా మొదలుపెట్టేవారు మనసులో పెట్టుకోవలసిన ఆచరణ ఒక్కటే. బలం పెంచుకోవడానికి ఆడకూడదు. చోట్లు చూడటానికి, మనుషుల కథలు వినడానికి ఆడాలి. ఇంకోలా చెప్పాలంటే, ఎదుగుదల మీద ఆశ పెట్టుకున్నవారికి ఈ ఆట అప్పు పడుతుంది, తిరుగుడు మీద ఇష్టం పెట్టుకున్నవారికి తీర్చవలసిన దానికంటే ఎక్కువే ఇస్తుంది. పాత రూపాన్ని ఆడేవారు ప్రధాన నేర్పుల్లో తాము నిజంగా పోరాడే నేర్పులు రెండు మూడైనా ఉండేలా చూసుకుని, దూకడం, బేరసారాల వంటివాటిని పక్కన పెడితే చాలు, పద్దులు అవసరం లేదు. పోరాటం విసుగు పుట్టించే స్థాయికి చేరితే, ఎంపికల్లో కష్టాన్ని తగ్గించే మీట ఉంది. దాన్ని వాడటం ఓటమి కాదు, తప్పు లెక్కను సవరించుకోవడం. ఆట తెలుగులో లేదు, ఇంగ్లిషులో ఆడవలసి ఉంటుంది. అయితే మాటలు తెరమీద అక్షరాల్లో కూడా వస్తాయి, చేయవలసిన పని ఎప్పటికప్పుడు దినచర్య పుస్తకంలో చేరుతుంది గనుక, పాఠశాల స్థాయి ఇంగ్లిషు వచ్చినవారు నెమ్మదిగా అనుసరించగలరు.

చివరిగా క్వాచ్ సంగతి. అక్కడి ఘట్టం ముగియనంత వరకు మిగతా చోట్ల మంటల ద్వారాలు తెరుచుకోవు. అందుకని ప్రశాంతంగా దేశం తిరగాలనుకునేవారు చాలామంది క్వాచ్‌కు వెళ్లడమే వాయిదా వేస్తారు. కాని వాయిదా వేసిన కొద్దీ లెవెల్ పెరుగుతుంది, లెవెల్ పెరిగిన కొద్దీ క్వాచ్ ద్వారం వెనుక కాచుకుని ఉన్న శత్రువులు బలపడతారు, మొదటి వారంలో గంటలో ముగిసే ముట్టడి తరువాత మూడు గంటలు పీడిస్తుంది. రెండు దారులకూ మూల్యం ఉంది. ముందుగానే క్వాచ్‌ను ముగించి, మార్టిన్‌ను సురక్షితమైన చోటికి చేర్చి, ఆ తరువాత ప్రధాన కథను వదిలేసి తిరగడం మేలు. దారి పక్క ద్వారం మండుతూ కనిపించినా లోపలికి వెళ్లి తీరాలన్న నిర్బంధం ఏదీ లేదు, దాన్ని చుట్టి పక్క నుంచి పోవచ్చు, ఆ పక్కనే మరో సత్రమో, మరో శిథిలమో ఉండనే ఉంటుంది.